పరాయివాడి మూడు గుప్పిళ్ళు

నా భార్య ముఖం నన్ను చూడనివ్వలేదు. అందులో వాదించడానికి ఏమీ లేదు. చూడనివ్వని మనిషి పేరు జలీల్ సాహెబ్. సింగ్ నగర్‌లో మేమున్న పేట మసీదు కమిటీకి ఆయన పెద్ద. ఎల్లుండి హజ్‌కి వెళుతున్నాడు. హజ్‌కి వెళ్ళే మనిషి ముందుగా తెలిసినవాళ్ళందరి దగ్గరికీ వెళ్ళి, అన్నదీ విన్నదీ మాఫ్ చెయ్యమని అడగాలి. అడగకుండా వెళితే మనుషుల బరువు వీపున కట్టుకుని కాబా చుట్టూ తిరిగినట్టేనని మా వాళ్ళంటారు. అందుకని ఈ రోజు సాయంత్రం అసర్ నమాజ్ అయ్యాక వస్తానని ఫోన్ చేశాడు. ఇంటికొస్తానన్నాడు. ఇంటికి వద్దు, ఆటోనగర్‌లో నేను పనిచేసే షెడ్డుకి రమ్మన్నాను. ఆయన కాలు నా గుమ్మం దాటడం నాకిష్టం లేదు. నన్ను గుమ్మం దాటనివ్వని మనిషి.

అసర్ అజాన్ పటమట వైపు నుంచి వినపడింది. రేకుల కప్పు కింద పొయ్యిలో ఉన్నట్టుంది. లారీ డ్రైవరు సీటొకటి ముందు పెట్టుకుని కూర్చున్నాను. పాత రెక్సిన్ కోసి తీసేశాను. లోపల ఫోము డ్రైవరు కూర్చున్న చోట గుంట పడి ఉంది. మనిషి లేచిపోయినా గుంట ఉంటుంది. మైలవరం దగ్గర మా ఊళ్ళో మా నాన్న దూది ఏకేవాడు. విల్లు నారి తెగేలా మోగుతుంటే ఇల్లంతా తెల్లగా పొగలా లేచేది. ఊరందరి పరుపులూ మా నాన్న కుట్టినవే. దూదేకుల లాల్ సాహెబ్ అంటే అన్ని ఇళ్ళకీ తెలుసు, ఒక్క ఇంట్లోనూ ఆయన ఆ పరుపు మీద కూర్చోలేదు. తర్వాత స్పంజి పరుపులొచ్చాయి. నేను బెజవాడ వచ్చి సీట్లు కుట్టడం నేర్చుకున్నాను. పక్క షెడ్డులో లారీలకు రంగులేసే జాన్ పాల్ ఇందాకటి నుంచి నన్ను చూస్తూనే ఉన్నాడు. "ఏంట్రా మావా, పొద్దుటి నుంచి సెల్లులో టైమే చూస్తున్నావు. పెళ్ళిచూపులకి వస్తన్నారా ఏంటి?" అన్నాడు. "జలీల్ సాహెబ్ వస్తున్నాడు." "ఏ సాహెబు?" "చెయ్యి అడ్డం పెట్టినాయన." వాడి నోట్లో నవ్వు అక్కడే ఆగింది. కుంచె కిరసనాయిల్లో ముంచి, అక్కర్లేకపోయినా కడుగుతూ కూర్చున్నాడు.

బుడమేరు వాగు పొంగి ఇళ్ళలోకి వచ్చిన ఏడాది అది. మా గది కింద పోర్షను. రొమ్ము లోతు నీళ్ళు. డాబా మీద ఆరు రోజులున్నాం. నా సెల్లు నీళ్ళలో పడిపోయింది. అందులోనే నా భార్య కరీమున్ ఫోటోలన్నీ ఉన్నాయి. పెళ్ళి ఆల్బం పిండిలా నానిపోయింది. పోతే పోనీ, మనిషిని నేనున్నాగా, మళ్ళీ తీసుకుందువులే అంది. నీళ్ళు తీశాక ఆమెకు జ్వరం పట్టుకుంది. ఆసుపత్రిలో రక్తంలో కణాలు పడిపోయాయన్నారు. నాలుగో రోజు మధ్యాహ్నం ప్లేట్‌లెట్ల ప్యాకెట్ తెమ్మంటే పరిగెత్తాను. వార్డు తలుపు దగ్గరికి వెళ్ళేసరికి వెనక నుంచి, "చెప్పులేసుకుని పో, ఎండ" అంది. గొంతు బాగానే ఉంది. వెనక్కి తిరగలేదు, చెయ్యి ఊపాను. ఊపిన చెయ్యి గుర్తుంది. తిరిగి ఉంటే ముఖం గుర్తుండేది. ఎర్రటి ఎండలో ఒట్టి కాళ్ళతో రక్తనిధికి వెళ్ళి, చల్లటి ప్యాకెట్ రొమ్ముకి అదుముకుని తిరిగొచ్చేసరికి దుప్పటి కప్పేసి ఉంది. ఆమె అన్నలు అప్పటికే వచ్చారు. నర్సు కాగితాలిచ్చింది. భర్త సంతకం అని రాసి ఉన్న చోట పెట్టమంది. మూడు చోట్ల పెట్టాను. దుప్పటి తీసి చూడొచ్చు. ఎవరూ ఆపేవాళ్ళు లేరు. ఇంటికెళ్ళాక చూస్తాలే, ఇక్కడ అందరి మధ్యా ఎందుకు అనుకున్నాను. ఇంటికెళ్ళాక టైముంటుంది అనుకున్నాను.

ఇంటి దగ్గర ఆడవాళ్ళు స్నానం చేయించి తెల్లటి కఫన్ గుడ్డ చుట్టారు. ముఖం మీద గుడ్డ తీసి దగ్గరివాళ్ళని పిలిచారు. తండ్రి చూశాడు. ఇద్దరన్నలూ చూశారు. మేనమామ చూశాడు. నేను గుమ్మంలో కాలు పెట్టబోయాను. ఒక చెయ్యి నా రొమ్ము మీదికొచ్చింది. వెండి ఉంగరం, నీలం రాయి. "ఆగు నాగుల్ మీరా. నువ్వు చూడకూడదు." "ఎందుకు సాహెబ్?" "ఊపిరి పోగానే నికా తెగిపోయింది బేటా. ఇప్పుడు నువ్వు ఆమెకి పరాయోడివి." "ఒక్కసారి." "నీ కోసం కాదురా చెప్పేది. ఆమె కోసం. పరాయోడు చూస్తే ఆమెకి అక్కడ కష్టమవుద్ది." ఆ ఒక్క మాటతో నా కాళ్ళు ఆగిపోయాయి. నా పాపమంటే తోసుకుని వెళ్ళేవాణ్ణి. ఆమెకి కష్టం అన్నాడు. బతికుండగా ఆమెకి నేను పెట్టిన కష్టాలు నాకు తెలుసు, ఇంకొకటి ఎందుకని ఆగాను. ఆసుపత్రి కాగితంలో భర్తను. సింగ్ నగర్ చేరేసరికి పరాయివాణ్ణి. జలీల్ సాహెబ్ చెయ్యి తియ్యకుండానే తల తిప్పి లోపలికి చూశాడు. చూసి, "ఇక కప్పండమ్మా" అన్నాడు. ఆ తల తిప్పడం నేను మర్చిపోలేదు. ఆయన పరాయివాడు కాడా? ఆ రోజు ఆ మాట నాకు తట్టలేదు. జనాజా పాడె మొయ్యబోతే అదీ వద్దన్నారు. కబరస్తాన్‌లో మాత్రం, మట్టి వెయ్యి మీరా, మూడు గుప్పిళ్ళు, పరాయోళ్ళు కూడా వెయ్యొచ్చు అన్నారు. పరాయివాడిలాగే వేశాను. బంకమన్ను. గోళ్ళలో రెండు రోజులుంది. కడుక్కోలేదు.

మా ఊరి జిల్లా పరిషత్ స్కూల్లో వెంకటప్పయ్య మాస్టారని ఉండేవాడు. ప్రశ్న అడిగి బెత్తం పట్టుకుని నిలబడేవాడు. తెలియదంటే ఒక దెబ్బ. తెలియకుండా తెలిసినట్టు చెబితే రెండు. "తెలియకపోవడం తప్పు కాదురా నాగుల్ మీరా, మొదటి దెబ్బ చదవలేదని. రెండోది ఎందుకో తెలుసా, నీ మాట నమ్మి పక్కోడు కూడా రాసుకుంటాడు, అందుకు." పదేళ్ళలో ఆయన చెప్పిన పాఠాల్లో నాకు మిగిలింది అదొక్కటే. మసీదులో అలాంటి మాస్టారు ఎవరూ లేరు. తెలియదు అన్నవాణ్ణి నేనక్కడ చూడలేదు. మేం తెలుగు తప్ప రానివాళ్ళం. ఉర్దూ రాదు, అరబ్బీ అర్థం తెలియదు, ఖురాన్ సూరాలు విని బట్టీపట్టినవాళ్ళం. దూదేకులోళ్ళు, సగం సగం అంటారు మమ్మల్ని, ఎదురుగానే అంటారు. జలీల్ సాహెబ్ నాతో ఎప్పుడూ తెలుగులోనే మాట్లాడేవాడు, చిన్నపిల్లాడికి అన్నం కలిపి పెట్టినట్టు. మీకు తెలియదు బేటా, మేం చెప్తాం. అందుకే నమ్మాను. నాకంటే ఆయనకు దేవుడు బాగా తెలుసనుకున్నాను.

మా అమ్మ పోయినప్పుడు మా నాన్న ఆమె తల ఒళ్ళో పెట్టుకుని పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. చెంప మీద ఈగ వాలితే తోలాడు. మా ఊళ్ళో అది తప్పని చెప్పే చదువుకున్నవాడు ఎవడూ లేడు. కరీమున్ రోజున మా నాన్న అక్కడే, గుమ్మం పక్కనే ఉన్నాడు. కఫన్‌లో పెట్టే దూది ఎవరో దుకాణం నుంచి తెస్తే, గింజ ఉంది, కోడలికి గుచ్చుకుంటుందని చేత్తోనే విడదీస్తూ కూర్చున్నాడు. సాహెబ్ నన్ను ఆపడం చూశాడు. తర్వాత అడిగాను, నువ్వు అమ్మని చూశావుగా నాన్నా, అప్పుడెందుకు నోరెత్తలేదని. "సిటీలో రూలు వేరేమో అనుకున్నానురా" అన్నాడు. ఆ మాటకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. మా ఇంట్లో దేవుడు ఉన్నాడు, కానీ మేమే ఆయన్ని పల్లెటూరివాడు అనుకున్నాం.

నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థనకి వచ్చి జలీల్ సాహెబ్ బిర్యానీ తిని, చెయ్యి కడుక్కుని, కొండపల్లిలో ఒక పిల్ల ఉంది, ఆలోచించుకో అన్నాడు. మొగుడు పోతే ఆడదానికి నాలుగు నెలల పది రోజులు గడువు. మగవాడికి ఏమీ లేదంట, ఊపిరితోనే తెగిపోతుందంట, ఆ రోజే పెళ్ళి చేసుకోవచ్చంట. ఇంత తొందరగా తెగే ముడికి ఖాజీ ఎందుకు, సాక్షులెందుకు. ఆ తర్వాతి వేసవిలో గుంటూరు నుంచి మా మసీదుకి ధర్మశాస్త్రం చదివిన ముఫ్తీ ఒకాయన వచ్చాడు. కుర్రాడు, నాకంటే చిన్నవాడేమో. అందరూ లేచిపోయాక అడిగాను. ఆయన వెంటనే చెప్పలేదు. పుస్తకం తీశాడు. "ముట్టుకోవడం మీద పెద్దల్లో వేరే వేరే మాటలున్నాయండీ. ప్రవక్త గారి అల్లుడు హజ్రత్ అలీ, పోయిన తన భార్యకి తనే స్నానం చేయించారని కూడా ఉంది. చూడటం మీద మాత్రం తగాదా లేదు. చూడొచ్చు. జనాజా మొయ్యొచ్చు. ఎందుకండీ అడుగుతున్నారు?" ఊరికే అన్నాను. బయటికొచ్చి చెప్పులు వేసుకోబోతే ఏ కాలిది ఏదో తెలియలేదు. దేవుడు వద్దనలేదు. ఏడాదికి దగ్గరగా దేవుడి మీద కోపం పెట్టుకుని ఉన్నాను, ఆయన అసలు ఆ గుమ్మంలోనే లేడు. తర్వాత మా పేటలో ఆటో తోలే కాలేషా భార్య పోయింది. కాలేషా లోపలికెళ్ళి చూశాడు. జలీల్ సాహెబే భుజం పట్టుకుని తీసుకెళ్ళాడంట. విని ఆ వారమే సింగ్ నగర్ ఖాళీ చేశాను.

పటమటలో గది దొరకడం తేలిక కాలేదు. నాలుగు చోట్ల పేరు చెప్పగానే, బంధువులొస్తున్నారండీ, ఇవ్వట్లేదు అన్నారు. అయిదో చోట ఇంటాయన సంజీవరావు గారు, "మీరేమిట్లు?" అని కులమడిగి, చెప్పాక కొంచెం ఆలోచించి, "మాంసం వండుతారా?" అన్నాడు. వండే మనిషి లేదండీ అన్నాను. గది ఇచ్చాడు. అది కూడా కరీమున్ చలవే. నమాజ్ మానలేదు. రెక్సిన్ ముక్క పరుచుకుని షెడ్డులోనే చదువుకుంటాను. ఎవరి వెనకా నిలబడను. మొన్న చలికాలంలో జాన్ పాల్ వాళ్ళమ్మ తెరేసమ్మ గారు పోతే గుణదల వెళ్ళాను. పెట్టె తెరిచి ఉంది. వాళ్ళ నాన్న శౌరయ్య గారు పెట్టె పక్కన నిలబడి, జేబులోంచి కళ్ళద్దాలు తీసి, లుంగీ అంచుతో తుడిచి, పెట్టుకుని, వంగి చూశాడు. తొందర లేకుండా చూశాడు. ఎవరూ అడ్డం రాలేదు. నేను అక్కడ ఉండలేకపోయాను. చచ్చిన మనిషి దగ్గర అసూయపడ్డవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. "మా అమ్మ మట్టికి కూడా ఉండకుండా పోయావేంట్రా" అని జాన్ పాల్ పది రోజులు మాట్లాడలేదు. అప్పుడు చెప్పాను వాడికి. ఇంకెవరికీ చెప్పలేదు.

ఆమె ముఖం ఇప్పుడు నాకు మొత్తంగా రాదు. ముక్కలు ముక్కలుగా వస్తుంది. ముక్కుపుడక వస్తుంది. నవ్వితే పక్క పన్ను మీద పన్ను వస్తుంది. అద్దం ముందు నిలబడి, "చూడు, ఒక్క మచ్చ లేదు, ఒక్క గాటు లేదు, మా అమ్మ నన్ను పుట్టించిందా, బజార్లో కొన్నదా" అని తనని తనే పొగుడుకునేది. ఆ మాట వస్తుంది, గొంతుతో సహా. మాట వెనక ముఖం రాదు. ఉన్నదల్లా ఆధార్ కార్డు. నీళ్ళలో తడిసి బూడిదరంగు మరకైంది. చివరిసారి చూసి ఉంటే ఆ ఒక్కటీ గట్టిగా నిలబడేదని నా నమ్మకం. శౌరయ్య గారికి నిలబడే ఉంటుంది.

ఆటో ఆగింది. జలీల్ సాహెబ్ దిగాడు. తెల్ల జుబ్బా, అత్తరు, చేతికర్ర కొత్తది. రెండేళ్ళలో ముసలివాడైపోయాడు. డ్రైవర్ని ఉండమని చెప్పి లోపలికొచ్చాడు. సలాం చెప్పాడు, తిరిగి చెప్పాను. కూర్చోవడానికి ఇంకేమీ లేదు, విప్పిన లారీ సీటు మీదే కూర్చున్నాడు. ఫోము గుంటలో సగం దిగిపోయాడు.

"ఏం బేటా, బాగున్నావా? ఎల్లుండి ప్రయాణం. తెలిసీ తెలియక ఏమన్నా అంటే, మనసు నొప్పిస్తే, మాఫ్ చెయ్యి. అందరి దగ్గరికీ తిరుగుతున్నా."

"ఏమన్నారో గుర్తుందా సాహెబ్?"

ఆయన కర్ర మీద చేతులు మార్చాడు. ఉంగరం అదే. "గుర్తుంది. అందుకే నీ దగ్గరికి ఆఖర్న వచ్చా."

"కాలేషాని చూడనిచ్చారంట."

"అప్పటికి కనుక్కున్నానురా. నీ విషయం మనసులో గుచ్చుకుంటా ఉంటే కనుక్కున్నా."

"కనుక్కుని నా దగ్గరికి రాలేదు."

"ఏమని రాను? మట్టి వేసేశాం గదా." కర్ర కొనతో నేల గీశాడు. "ఆ రోజు మా పెద్దలు చెప్పిందే చెప్పాను. నా కడుపులో కుళ్ళు లేదు, అల్లా సాక్షి."

లేదనే అనుకుంటాను. కుళ్ళు లేదు. కనుక్కోవలసిన పని ఒకటుందని తెలియలేదు, అంతే. పక్క షెడ్డులో కుంచె చప్పుడు ఆగిపోయింది. నేను ఈ గంట కోసం ఎన్ని మాటలు కూడబెట్టానో, ఒక్కటీ పనికి రాలేదు. ఎదురుగా ఉన్నది ఒక ముసలి మనిషి, ఎల్లుండి విమానం, మెడ కింద చర్మం వణుకుతోంది. అప్పుడు నాకొకటి తోచింది. ఆ రోజు తల తిప్పి చూసిన కళ్ళు ఇవే. కరీమున్ ముఖం చివరగా ఉన్నది వీటిలో. నాకు మాఫ్ చెయ్యాలనిపించింది. నిజంగా అనిపించింది.

"సాహెబ్, మీరు చూశారు. కప్పమనే ముందు చూశారు. ఎలా ఉందో చెప్పండి."

ఆయన ఊపిరి పీల్చుకున్నాడు, తేలికైనట్టు. "నూర్ ఉందిరా. ముఖమంతా నూర్, ఒకటే వెలుగు. నిద్రపోతున్నట్టుంది."

అది అందరికీ చెప్పేదే. ప్రతి జనాజా దగ్గరా అదే చెబుతారు. నేను సూది పక్కన పెట్టాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

"ఎడమ కనుబొమ్మ మీద మచ్చ ఉంటుంది సాహెబ్. చిన్నప్పటిది. అది కనపడిందా?"

గుర్తు లేదురా అంటే చాలు. తెలియదు అంటే చాలు. ఆ మాట వస్తే అక్కడికక్కడే మాఫ్ చేద్దామనుకున్నాను, అల్లా మీద ఒట్టు పెట్టుకున్నాను. ఆయన కళ్ళు మూసుకున్నాడు. నిజంగానే గుర్తు తెచ్చుకోబోయాడు, అది చూశాను. తర్వాత నా ముఖంలోకి చూశాడు. నాకేం కావాలో అక్కడ వెతికాడు.

"కనపడింది బేటా. ఎందుకు కనపడలేదూ. ఎడమ కనుబొమ్మ మీద. అది కూడా మెరుస్తా ఉంది."

కుండలోంచి గ్లాసుతో నీళ్ళు ముంచి ఇచ్చాను. మూడు గుక్కల్లో తాగాడు, సున్నత్ ప్రకారం, ప్రవక్త తాగినట్టు. గ్లాసు తీసుకున్నాను. చెయ్యి ఇచ్చి ఆ గుంటలోంచి పైకి లేపాను.

"మరి మాఫ్ చేసినట్టేనా మీరా? ఒక్క మాట అను. నోటితో అనాలి."

"అక్కడ ఎండలు ఎక్కువంట సాహెబ్. చెప్పులు జాగ్రత్త."

ఆటో డ్రైవరు హారన్ కొట్టాడు. సాహెబ్ కర్ర ఊతంతో వెళ్ళి ఎక్కాడు. వెనక్కి తిరిగి చూశాడు. నేను చెయ్యి ఊపలేదు.

జాన్ పాల్ గుమ్మంలోకి వచ్చాడు. "ఏరా, ఏదో మచ్చ అంటన్నావు. చెల్లెమ్మకి మచ్చెక్కడుందిరా?" అన్నాడు. వాడికి గుర్తుంది. బయటివాడికి, మా ఇంట్లో రెండుసార్లు టీ తాగినవాడికి గుర్తుంది. "మాఫ్ చేశావా?" అన్నాడు మళ్ళీ. సీటు ముందుకు లాక్కుని ఫోము గుంటలో కొత్త ముక్క కోసి పెట్టి, రెక్సిన్ బిగించి కుట్టడం మొదలుపెట్టాను. వాడు తన షెడ్డుకి వెళ్ళిపోయాడు.

ఇవాళ్టి సంగతి చెప్పడం ఇదే మొదలు, ఇదే ఆఖరు. మా నాన్న అడిగినా చెప్పను. సాహెబ్ హజ్ నుంచి ఖర్జూరాలు పంపితే జాన్ పాల్ పిల్లలకు ఇస్తాను, ఎవరిచ్చారో చెప్పను. లెక్క అడిగే రోజున అల్లా అడిగినా నోరు విప్పను. జరిగిందంతా ఆయన చూశాడు. ఆమె ముఖం కూడా చూశాడు. ఇంక దీని గురించి నేను మాట్లాడను.